పోలీసు కేసు వద్దు, దెబ్బలు ఆగితే చాలు – ఎవరి దగ్గరికి పోవాలి?

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక టౌన్ నుంచి ఒక చెల్లి పెద్ద ఉత్తరం రాసింది. పేరు, ఊరు బయట పెట్టొద్దని అడిగింది కాబట్టి పెట్టట్లేదు. వయసు 31, పెళ్లయి పదేళ్లు దాటింది. పాపకి 8 ఏళ్లు, బాబుకి 4. భర్త ఫైనాన్స్ కలెక్షన్ పని చేస్తాడు. ఇల్లు అత్తమ్మ పేరు మీద ఉంది, కింద అత్తమామలు, పైన వీళ్లు. ఈమె ఇంట్లో మిషన్ మీద బ్లౌజులు కుడుతుంది, నెలకి ఆరేడు వేలు వస్తాయి గానీ అవి ఆయన చేతికే పోతాయి. పొదుపు సంఘంలో ఈమె పేరు మీద తీసిన లోన్ కూడా ఆయనే వాడుకున్నాడు, కిస్తీ మాత్రం ఈమె కుట్టు డబ్బుల్లోంచి కట్టాలి. ఆరు తులాల బంగారం కుదువలో ఉంది, ఆ రసీదు ఎక్కడుందో తెలీదు.

పెళ్లయిన రెండో ఏటి నుంచి కొడుతున్నాడట. తాగి కాదు, తాగడు. ఫోన్ ఎత్తడం లేటయినా, కూర చల్లారినా, బ్లౌజు కొలతలకి వచ్చినామె భర్త గేటు దగ్గర నిలబడినా గొడవే. మూడుసార్లు పెద్దమనుషుల్లో పెట్టారు. మొదటిసారి "సంసారం అన్నాక ఒక మాట అటూ ఇటూ ఉంటది" అని పంపేశారు, రెండోసారి ఈమెనే "నోరు తగ్గించుకో" అన్నారు, మూడోసారి ఆయనతో బాండ్ పేపర్ మీద "ఇక చెయ్యి చేసుకోను" అని రాయించి సంతకాలు పెట్టించారు. నాలుగు నెలలు బాగానే ఉన్నాడు. పోయిన నెల మళ్లీ, ఈసారి గోడకి ఆనించి గొంతు పట్టుకున్నాడు. కళ్లు బైర్లు కమ్మాయి, రెండు రోజులు గొంతు బొంగురుపోయింది, మింగడానికి కష్టమైంది. హాస్పిటల్‌కి పోలేదు. పాప చూసింది, అప్పటి నుంచి రాత్రిపూట పక్క తడుపుతోంది.

సంఘం డబ్బులకి వచ్చిన ఆర్పీ (పొదుపు సంఘాల పని చూసే రిసోర్స్ పర్సన్) అక్క ఈమె మెడ మీద మచ్చలు చూసి 181 హెల్ప్‌లైన్ గురించి, సఖి సెంటర్ గురించి చెప్పింది. ఫోన్ చేయడానికి ఈ చెల్లికి భయం. "చేస్తే పోలీసులు ఇంటికొస్తారా? ఇంట్లోంచి పంపేస్తే ఎక్కడికి పోవాలి, ఇల్లు అత్తమ్మది కదా? పిల్లల్ని లాక్కుంటామంటున్నారు. కేసు పెడితే ఉరేసుకుని నీ పేరు రాస్తానంటాడు. నాన్న లేడు, అమ్మ అన్నయ్య దగ్గర ఉంటుంది, అన్నయ్యవి రెండు గదులు. నాకు విడాకులు వద్దక్కా, ఆయన జైలుకి పోవాలనీ లేదు, దెబ్బలు ఆగితే చాలు. మా గల్లీలో అందరి ఇళ్లలోనూ ఉన్నదే కదా, నాకే ఓర్పు తక్కువేమో" అని ముగించింది.

చెల్లీ,

ముందు నీ గొంతు సంగతి. మిగతావన్నీ నీ ఇష్టానికి వదిలేస్తా గానీ ఈ ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, డాక్టర్‌కి చూపించుకో. నెల అయిపోయింది కదా అనుకోకు. గొంతు నొక్కినప్పుడు పైన మచ్చ మానిపోయినా లోపల రక్తనాళాలకి దెబ్బ తగిలి ఉండొచ్చు, దాని ఇబ్బంది కొన్నాళ్లకి బయటపడొచ్చు. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో బలం తగ్గడం, ఊపిరి ఆడకపోవడం, వీటిలో ఏది ఉన్నా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. అక్కడ జారిపడ్డానని చెప్పకు. భర్త గొంతు పట్టుకున్నాడని చెప్పు, అదే రాయించు. గృహహింస జరిగిన ఆడమనిషికి వైద్యం ఇవ్వడం హాస్పిటల్ బాధ్యత అని 2005 చట్టంలోనే ఉంది, ఆ కాగితం రేపు నీకు సాక్ష్యంగా కూడా పనికొస్తుంది.

ఇంకో మాట, నిన్ను భయపెట్టాలని కాదు, తెలిసి దాచడం తప్పు కాబట్టి రాస్తున్నా. చెంపదెబ్బ కొట్టే మనిషికీ గొంతు పట్టుకునే మనిషికీ తేడా ఉంది. ఇలాంటి కేసులు ఏళ్లుగా చూసేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ భయపడేది గొంతు పట్టుకున్న ఇంటి గురించే, ఎందుకంటే ప్రాణాలు పోయిన చాలా ఇళ్లలో అంతకుముందు అది జరిగి ఉంటుంది. పదేళ్లలో జరిగినవాటితో కలిపి దీన్ని కూడా "మళ్లీ కొట్టాడు" అని రాశావు నువ్వు. నేను అలా లెక్కేయలేను.

ఓర్పు తక్కువేమో అన్నావు కదా. 2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 37 మంది భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది. అదే సర్వేలో ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం తప్పు కాదన్న ఆడవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 83 మందికి పైనే. అంటే నిన్ను నోరు తగ్గించుకోమన్న పెద్దమనుషులే కాదు, ఆ మాట విని తలూపిన అత్తమ్మ, పక్కింటామె, చివరికి మీ అమ్మ కూడా అదే నమ్మి పెరిగారు. దేశం మొత్తం మీద హింస పడ్డవాళ్లలో సాయం అడిగింది నూటికి 14 మందే. గల్లీలో అందరి ఇళ్లలో ఉంది అన్నది నిజమే కావచ్చు, అంతమాత్రాన అది నీ ఓర్పుకి పరీక్ష అయిపోదు. పదేళ్లు ఓర్చుకున్న మనిషివి, ఇంకా ఎంత ఓర్చుకోవాలి?

నీ ఉత్తరం రెండు మూడుసార్లు చదివాక నాకు అర్థమైందేంటంటే నీ మనసులో నాలుగు వేరువేరు విషయాలు ఒకటే అయిపోయాయి. సాయం అడగడం, పోలీసు కేసు, ఇల్లు వదలడం, విడాకులు. ఒకటి ముట్టుకుంటే నాలుగూ మీద పడతాయని భయపడుతున్నావు. అది నిజం కాదు. సాయం అడిగి అక్కడే ఆగిపోవచ్చు. కేసు పెట్టకుండా కోర్టు నుంచి రక్షణ తెచ్చుకోవచ్చు. ఇంట్లోనే ఉంటూ అది అడగొచ్చు. ఇల్లు వదిలినా విడాకులు తీసుకోకుండా ఉండొచ్చు. ఏది ఎక్కడిదాకా తీసుకుపోవాలో నువ్వే చెప్తావు.

181 అంటే ఆడవాళ్ల హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బులు పడవు. ఇప్పుడే కొడుతున్నాడు, ప్రాణానికి ముప్పుంది అంటే పోలీసులకి కలుపుతారు. అది కాదు, నాకు ఏం దారులున్నాయో తెలుసుకోవాలి అంటే మాట్లాడి మీ జిల్లా సఖి సెంటర్ వివరం ఇస్తారు. ఎత్తగానే మొదట చెప్పాల్సిన మాట, "ఈ నంబర్‌కి తిరిగి ఫోన్ చేయొద్దు". ఆయన నీ ఫోన్ చూస్తాడని రాశావు కాబట్టి అసలు నీ ఫోన్ నుంచి చేయకు, ఆర్పీ అక్క ఫోన్ నుంచి చెయ్యి. నిజంగా ప్రాణం మీదకొచ్చిన రాత్రి మాత్రం ఎవరి ఫోన్ అని చూడకుండా ఎమర్జెన్సీ నంబర్ 112కి కొట్టు.

సఖి సెంటర్‌ని పోలీస్ స్టేషన్ అనుకోకు. కేంద్రం 2015లో వన్ స్టాప్ సెంటర్ అని మొదలుపెట్టిన పథకం అది, జిల్లా కేంద్రంలో ఉంటుంది, ఆంధ్రాలో కూడా జిల్లాల్లో ఉన్నాయి. కౌన్సెలర్, లాయర్ సాయం, హాస్పిటల్‌కి తోడు రావడం, కావాలంటే పోలీసులతో మాట్లాడటం, ఐదు రోజుల దాకా ఉండటానికి చోటు, ఇవన్నీ ఒకే గుమ్మంలో దొరకాలని పెట్టారు. పిల్లల్ని వెంట తీసుకుపోవచ్చు. మగపిల్లలకి వయసు లిమిట్ ఉంది గానీ మీ బాబు చిన్నోడు, అడ్డు రాదు. ఊరికే వెళ్లి మాట్లాడి వచ్చేయొచ్చు కూడా, బ్లౌజుల లైనింగ్ క్లాత్ కోసం టౌన్‌కి వెళ్లినట్టే వెళ్లు. అన్ని సెంటర్లూ, అందరు కౌన్సెలర్లూ ఒకేలా ఉంటారని నేను చెప్పలేను. అక్కడ కూడా ఎవరైనా "సర్దుకుపోమ్మా" అంటే అది వాళ్ల సొంత అభిప్రాయం. నేను లాయర్‌తో మాట్లాడాలి అని అడుగు, అది నీ హక్కు. హైదరాబాద్‌లో భూమిక లాంటి సంస్థలు కూడా 2006 నుంచి హెల్ప్‌లైన్ నడుపుతున్నాయి, ఒకచోట మాట కలవకపోతే ఇంకోచోట కలవొచ్చు.

ఇప్పుడు పెద్దమనుషుల సంగతి. వాళ్లు చెడ్డవాళ్లని నేననను, నీ కోసం పనులు మానుకుని వచ్చి కూర్చున్నారు. కానీ మూడు పంచాయితీల్లోనూ కాపురం నిలబడాలి అన్నదొక్కటే చూశారు, నీ ఒంటి మీద మళ్లీ దెబ్బ పడితే ఎవరు అడ్డం రావాలి అన్నది ఒక్కరూ మాట్లాడలేదు. బాండ్ పేపర్ రాయించారు, మాట తప్పితే ఏం చేయాలో రాయించలేదు. కోర్టు ఆర్డర్‌లాగా దానికి బలం లేదు. అయినా ఆ పేపర్ పారేయదగ్గది కాదు, కొట్టేవాణ్ని అని ఆయనే సంతకం పెట్టి ఒప్పుకున్న కాగితం అది! సాక్షుల పేర్లు కూడా ఉన్నాయి. అది ఎవరి దగ్గరుందో కనుక్కుని మీ అన్నయ్యతో ఒక ఫోటో తీయించి అన్నయ్య ఫోన్‌లోనే ఉంచమను, నీ ఫోన్‌కి పంపించుకోకు.

నీకు కావాల్సింది దెబ్బలు ఆగడం, జైలు కాదు అన్నావు కదా, అచ్చంగా అలాంటి వాళ్ల కోసమే గృహహింస చట్టం వచ్చింది. 2005లో చేశారు, 2006 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. ఇది మొదట్లో క్రిమినల్ కేసు కాదు, ఎవర్నీ అరెస్ట్ చేయరు. మెజిస్ట్రేట్ దగ్గర అప్లికేషన్ వేస్తే కొట్టొద్దు, బెదిరించొద్దు అని రక్షణ ఆర్డర్ ఇస్తారు, దాన్ని ఆయన మీరితే అప్పుడు నేరం అవుతుంది, ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. బాండ్ పేపర్‌లో లేనిది ఇదే, మాట తప్పితే ఏమవుతుందో ఇందులో ముందే రాసి ఉంది. అదే అప్లికేషన్‌లో ఖర్చులకి డబ్బు, పిల్లల్ని తాత్కాలికంగా నీ దగ్గర ఉంచడం, నీ బంగారం తిరిగి ఇప్పించడం కూడా అడగొచ్చు. లాయర్ ఫీజు గురించి ఆలోచించకు, ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది. మీ కోర్టు ఆవరణలో మండల లీగల్ సర్వీసెస్ కమిటీ ఎక్కడ అని అడుగు, లేదా 15100కి ఫోన్ చెయ్యి.

ఇల్లు అత్తమ్మది కదా అన్నావు. 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు సతీష్ చందర్ అహుజా కేసులో తేల్చి చెప్పింది, ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా కోడలు అక్కడ కాపురం చేసి ఉంటే అది ఉమ్మడిగా నివసించే ఇల్లు కిందకి రావచ్చని, ఉండే హక్కు అడగొచ్చని. ముసలివాళ్ల చట్టం కింద కోడల్ని ఖాళీ చేయిస్తాం అన్నా సరే ఈ హక్కుని అలా తీసిపారేయలేరని అదే ఏడాది డిసెంబర్‌లో ఇంకో తీర్పు వచ్చింది. దీనర్థం ఇంట్లో నీకు వాటా వచ్చేస్తుందని కాదు. కోర్టు చెప్పకుండా సామాను బయట పడేసి తాళం వేయడం కుదరదని మాత్రమే. ఆయన్ని ఇల్లు వదిలి పొమ్మని కూడా కోర్టు చెప్పొచ్చు, అత్తమ్మని మాత్రం అలా పంపదు, ఆడవాళ్ల మీద ఆ ఆర్డర్ వేయొద్దని చట్టంలోనే ఉంది. లేదంటే నీకు వేరే చోట అద్దె కట్టమని చెప్పొచ్చు.

ఇవన్నీ వినడానికి బాగుంటాయి, నడిచేటప్పుడు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి కదా.

ఇంట్లోనే ఉండి ఎవరికీ చెప్పకుండా సఖితో మాట్లాడుతూ, కాగితాలు సర్దుకుంటూ కొంతకాలం చూడటం ఒక దారి. బయటికి గొడవ ఉండదు, పిల్లల స్కూల్ కదలదు, ఆలోచించుకోవడానికి టైమ్ దొరుకుతుంది. కానీ ఈ దారిలో ఆయన్ని ఆపేది ఏదీ లేదు, గొంతు పట్టుకున్న మనిషితో అదే గదిలో పడుకుంటావు. ఇది ఎంచుకుంటే కనీసం ఇద్దరికి తెలిసుండాలి, గొడవ మొదలవగానే వంటగదిలోకి, బాత్రూంలోకి పోకుండా మెట్ల వైపుకి పోవాలి, తలుపు గడియ పెట్టనివ్వొద్దు.

ఇంట్లో ఉంటూనే కోర్టు ఆర్డర్ అడగడం ఇంకోటి. దీనికి ప్రొటెక్షన్ ఆఫీసర్, అంటే ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన అధికారి, గృహహింస రిపోర్ట్ రాస్తారు, జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగితే చెప్తారు, సఖి నుంచి కూడా పంపిస్తారు. ఆ రిపోర్ట్ కాపీ స్టేషన్‌కి కూడా పోతుంది, సంతకం పెట్టేముందు ఇది తెలుసుకో. అందుకని అరెస్ట్ చేస్తారని కాదు, స్టేషన్‌లో కాగితం ఉంటుంది అంతే. మొదటి వాయిదా మూడు రోజుల్లో పెట్టాలని, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉన్నా నిజంలో నెలలు పడుతుంది, ఏడాది దాటినవీ ఉన్నాయి. అందుకే వేసినరోజే మధ్యంతర ఆర్డర్, అంటే కేసు తేలేదాకా ఉండే ఆర్డర్, అడగమని లాయర్‌కి చెప్పు, ప్రమాదం ఉందని కోర్టుకి అనిపిస్తే అవతలివాళ్లు రాకముందే ఇవ్వొచ్చు. ఇక్కడ హాస్పిటల్ చీటీ, బాండ్ పేపర్ ఫోటో పనికొస్తాయి. నోటీసు చేతికందిన రోజు ఆయన కోపం ఎక్కువుంటుంది, ఆ వారం నువ్వూ పిల్లలూ ఎక్కడ పడుకుంటారో ముందే అనుకుని పెట్టుకోవాలి. కోర్టు కౌన్సెలింగ్‌కి పంపొచ్చు కూడా, పంపితే భయపడకు, ఆ రూల్స్ ప్రకారం అక్కడ "ఆమె ఇలా చేసింది కాబట్టి కొట్టాను" అని ఆయన సమర్థించుకోవడానికి వీల్లేదు. పంచాయితీలో మూడుసార్లు జరిగింది అదే కదా.

కొన్నాళ్లు బయటికి రావడం మరో దారి. అన్నయ్య దగ్గర, లేదంటే సఖిలో ఐదు రోజులు, ఆపైన ఎక్కువకాలం ఉండాలంటే శక్తి సదన్ అనే ఆడవాళ్ల హోమ్, ఇంతకుముందు స్వధార్ గృహ్ అనేవాళ్లు. అక్కడ గేటు టైములు, రూల్స్ ఉంటాయి, ఇల్లులాగా ఉండదు, పాపకి మొదట్లో కష్టంగా ఉంటుంది, కానీ రాత్రి తలుపు చప్పుడుకి ఉలిక్కిపడక్కర్లేదు. గృహహింస అప్లికేషన్ ఎక్కడ వేయాలో అన్న బెంగ వద్దు, తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వేసుకోవచ్చు. వదిలిపెట్టి వచ్చింది కాబట్టి హక్కులు పోయాయి అని ఎవరన్నా అంటే నమ్మకు, దెబ్బలకి తట్టుకోలేక వచ్చినామెకి ఏ హక్కూ పోదు. ఒక్క జాగ్రత్త, ఇల్లు వదిలే రోజు, ఆ తర్వాత కొన్ని వారాలు అన్నిటికన్నా ప్రమాదమైనవి. కోపంలో అరిచి, చెప్పి రావద్దు. ఆయన కలెక్షన్‌కి వెళ్లిన టైమ్‌లో, పిల్లలతో సహా, ముందే సర్దిన సంచితో రావాలి.

పోలీసు కేసు నువ్వు వద్దన్నావు, నేనూ బలవంతపెట్టను, తెలియాల్సింది మాత్రం చెప్తా. భార్యని హింసించిన భర్త మీద పెట్టే కేసుని ఇదివరకు 498ఏ అనేవాళ్లం, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది, మూడేళ్ల దాకా శిక్ష. గొంతు నొక్కినదానికి వేరే సెక్షన్లు కూడా పడొచ్చు. కేసు పెట్టిన సాయంత్రమే జైల్లో వేస్తారన్నది పాతమాట, 2014లో సుప్రీంకోర్టు చెప్పాక ముందు నోటీసిచ్చి పిలవడమే జరుగుతోంది. ఈ దారిలో రెండు కుటుంబాల నుంచి రాజీకి ఒత్తిడి చాలా వస్తుంది, ఏళ్లు పడుతుంది, తిరిగి కలిసి ఉండటం కష్టమవుతుంది. ఇంకోపక్క, కొంతమంది మగవాళ్లు స్టేషన్ గడప తొక్కాకే చెయ్యి దించారు, అదీ చూశాం. ఈరోజు వద్దనుకున్నావు కదా అని రేపు ఈ తలుపు మూసుకుపోదు.

వీటిలో నీకు ఏది తగినదో ఇక్కడ కూర్చుని చెప్పే హక్కు నాకు లేదు, నీ ఇంట్లో గాలి ఎటు తిరుగుతుందో నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. కానీ నా మనసులో మాట అడిగితే, ఇంట్లో ఉన్నా బయటికొచ్చినా మధ్యంతర రక్షణ ఆర్డర్ ఒకటి చేతిలో ఉండాలి అంటాను. గొంతు సంఘటన తర్వాత ఊరికే చూడటం అనే దారికి నా మనసు ఒప్పుకోవట్లేదు.

పిల్లల్ని లాక్కుంటామని బెదిరించడం ప్రతి ఉత్తరంలో ఉంటుంది. హిందూ చట్టం ప్రకారం ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి, మీ బాబుకి 4. పాప విషయంలో కోర్టు చూసేది బిడ్డ మంచి ఏది అన్నది, కొట్టే తండ్రి దగ్గర ఆ మంచి ఉందని వాళ్లు నిరూపించుకోవాల్సి వస్తుంది. నీకు సంపాదన తక్కువ అన్నది ఒక్కటే కారణంగా పిల్లల్ని తీసేసుకోరు. బయటికొస్తే పిల్లల్ని వెంట తెచ్చుకో, "తర్వాత తీసుకుపోతా" అని వదిలి రావొద్దు, తర్వాత అన్నది చాలా దూరమవుతుంది. స్కూల్ మారాల్సొస్తే టీసీ లేటయిందని ప్రభుత్వ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు, విద్యాహక్కు చట్టంలో ఉంది.

పాప పక్క తడపడం గురించి ఒక్క లైన్‌లో రాశావు, నాకు మాత్రం అక్కడే మనసు ఆగిపోయింది. ఆ బిడ్డని తిట్టకు, ఎవర్నీ తిట్టనివ్వకు, పొద్దున్నే దుప్పటి మార్చేసి మామూలుగా ఉండు. పక్కన కూర్చోబెట్టుకుని మూడు మాటలు చెప్పు, ఇందులో నీ తప్పు లేదు, నాన్న కొట్టేటప్పుడు మధ్యలోకి రావొద్దు, తమ్ముణ్ని తీసుకుని ఫలానా ఆంటీ వాళ్లింటికి పో. ఆ ఆంటీకి నువ్వు ముందే చెప్పి ఉంచు. అమ్మని కాపాడాల్సిన పని తనది కాదని ఆ పిల్లకి ఎవరో ఒకరు చెప్పాలి, ఇప్పుడు అది మోస్తోంది తను. సఖి కౌన్సెలర్ పాపతో కూడా మాట్లాడతారు, తీసుకెళ్లు.

ఉరేసుకుంటానని, నీ పేరు రాస్తానని అంటున్నాడు కదా. ఆ మాట ఎప్పుడెప్పుడు వస్తుందో చూడు, నువ్వు ఎదురు తిరిగినప్పుడే వస్తుంది, నిన్ను కదలనివ్వకుండా కట్టేసే మాట అది. అయినా తేలిగ్గా తీసుకోవద్దు, నిజంగా చేస్తాడేమో అన్న భయంతో నువ్వు బతకనూ వద్దు. మళ్లీ అన్నప్పుడు వాళ్ల నాన్నకో అన్నకో చెప్పు, మెసేజ్ రూపంలో చెప్తే ఇంకా మంచిది, తేదీతో సహా ఉంటుంది. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబర్ వాళ్లకే ఇవ్వు, తెలుగులో మాట్లాడతారు, ఆయన మాట్లాడొచ్చు, వాళ్లూ మాట్లాడొచ్చు. ఆయన ప్రాణం చూసుకోవడం ఆయన పని, ఆయన్ని కన్నవాళ్ల పని, డాక్టర్ల పని. నువ్వు దెబ్బలు తినడం ఆయనకి మందు కాదు.

అమ్మ గురించి, అన్నయ్య గురించి నీకు లోపల కోపం ఉన్నట్టుంది, బయటికి రాయలేదు. రెండు గదుల ఇంట్లో ఎప్పటికీ ఉంటానంటే అన్నయ్యకి గుండె జారుతుంది, అది ప్రేమ లేక కాదు. అందుకే "నన్ను చూసుకో అన్నయ్యా" అని అడగకు, ఆయన చేయగలిగిన పనులు అడుగు. బాండ్ పేపర్ ఫోటో తీయి, ఈ కాగితాలు నీ బీరువాలో పెట్టు, అవసరమైతే పది రోజులు ఉంటాం, లీగల్ సర్వీసెస్ కమిటీకి నాతో ఒకరోజు రా. వదిన వినేటప్పుడే అడుగు, వెనకాల అడిగితే తర్వాత మాటొస్తుంది. చాలామంది అన్నలు ఇలా అడిగితే ముందుకొస్తారు.

అన్నయ్య దగ్గర పెట్టాల్సినవి, నీ ఆధార్, పిల్లల ఆధార్, బర్త్ సర్టిఫికెట్లు, రేషన్ కార్డు జిరాక్స్, సంఘం పాస్‌బుక్, బ్యాంక్ పాస్‌బుక్, పెళ్లి ఫోటోలు రెండు. ఒరిజినల్స్ మాయమైతే నీ భర్తకి అనుమానం వస్తుందనుకుంటే జిరాక్సులు చాలు. బంగారం కుదువ రసీదు దొరికితే దాని ఫోటో. కుట్టు డబ్బుల్లో వందో రెండొందలో పక్కన పెట్టి ఆర్పీ అక్క దగ్గర దాచుకో. సంఘం లోన్ ఆయన వాడుకున్న సంగతి కూడా ఆ అక్కకి చెప్పు, చేతిలో సంపాదన లాక్కోవడం, నీ పేరు మీద అప్పు చేసి వాడుకోవడం కూడా చట్టంలో హింస కిందే లెక్క.

ఆ ఆర్పీ అక్క దొరకడం నీ అదృష్టం అంటాను. తనకి ఇంకోటి కూడా చెప్పు, హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి సమాచారం ఇవ్వొచ్చు, మంచి మనసుతో ఇచ్చినవాళ్ల మీద ఏ కేసూ పడదు. నువ్వు ఫోన్ చేయలేని పరిస్థితి వస్తే తను చేయొచ్చు. ఇద్దరూ కలిసి ఒక గుర్తు పెట్టుకోండి, "ఫాల్స్ పని అయిందా" అని నువ్వు మెసేజ్ పెడితే దానర్థం 112కి కొట్టమని, అలాంటిదేదో.

181కి చేసినప్పుడు ఏం చెప్పాలో తెలియక నోరు పెగలదని రాశావు. ఇంత చాలు: "నా భర్త కొడతాడు. పోయిన నెల గొంతు పట్టుకున్నాడు. ఇద్దరు చిన్నపిల్లలున్నారు. ఇంకా ఏ కేసూ పెట్టదల్చుకోలేదు. సఖిలో కౌన్సెలర్‌ని, లాయర్‌ని కలవాలి, ఏ రోజు రమ్మంటారు?" మధ్యలో ఏడుపొస్తే రానీ, వాళ్లు ఆగుతారు. మళ్లీ నాకు రాయాలనిపిస్తే ఆర్పీ అక్క ఫోన్ నుంచే రాయి, డాక్టర్ ఏమన్నాడో కూడా రాయి.